గంజాయి పన్ను అంచనా: మనుషుల్ని కాదు, గ్రాముల్ని లెక్కపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం, గంజాయిని చట్టబద్ధం చేస్తే ప్రభుత్వానికి ఎంత పన్ను వస్తుందో అంచనా వేయాలి. ఢిల్లీలో ఏడాదికి 38 టన్నులు వాడుతున్నారని, పన్ను వేస్తే 725 కోట్ల రూపాయలు వస్తాయని 2018 నాటి ఒక విదేశీ సంస్థ లెక్క మీ కంట పడింది. అదే పద్ధతిలో ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ లెక్క కట్టవచ్చా, అమెరికాలో గంజాయిని చట్టబద్ధం చేసిన కొలరాడో లాంటి రాష్ట్రాల్లో ఇలాంటి అంచనాలు నిజమయ్యాయా అని అడిగారు.

నేను అమెరికాలో ఒక పశ్చిమ రాష్ట్రంలో పన్నుల రాబడి అంచనాలు వేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మొదట్లో పెట్రోలు, సిగరెట్ల పన్ను చూసేవాణ్ణి. తర్వాత గంజాయి పన్ను కూడా నా బల్ల మీదికే వచ్చింది. అందుకే కాస్త పొడుగ్గా చెబుతున్నాను.

సూటిగా జవాబు: ఆ పద్ధతిలో కట్టకండి. వాడేవాళ్ల సంఖ్యను ఇవాళ్టి వీధి ధరతో గుణించి, దాని మీద ఒక పన్ను శాతం వేస్తే అంకె పెద్దగా వస్తుంది, కానీ తప్పుగా వస్తుంది. చట్టబద్ధం అయ్యాక ధర పడిపోతుంది. కొనేవాళ్లలో చాలామంది కొన్నేళ్లపాటు పాత మనిషి దగ్గరే కొంటారు. వచ్చే పన్నులో పెద్ద భాగం రోజూ తాగే కొద్దిమంది జేబులోంచే వస్తుంది. ఈ మూడింటినీ పట్టించుకోకుండా వేసిన అంచనా నిలబడగా నేను చూడలేదు. కొలరాడోలో ఓటర్లకు చెప్పిన తొలి అంకె దాదాపు సరిపోయింది. కాలిఫోర్నియాలో ఏడాదిన్నర తిరక్కుండానే అంకెను సగానికి పైగా కోయాల్సి వచ్చింది. ఎందుకో చూద్దాం.

లెక్క గొలుసులా ఉంటుంది. ఏడాదికి వాడే మొత్తం గ్రాములు, అందులో లైసెన్సు దుకాణానికి వచ్చే వాటా, అక్కడ ఉండబోయే కొత్త ధర, పన్ను రేటు, చివరికి నిజంగా ఖజానాకు చేరే వాటా. ఐదు కొక్కేలు. ఒక్కోదానిలో 20 శాతం చొప్పున ఒకే వైపు తప్పితే చివరి అంకె రెండు రెట్లు దాటిపోతుంది. అందుకే ఒక్క అంకె అడిగినవాళ్లకు నేను ఎప్పుడూ ఇవ్వను. తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు ఇస్తాను.

గ్రాములు

సర్వేల్లో "గత ఏడాదిలో ఒక్కసారైనా వాడారా" అని అడుగుతారు. ఆ సంఖ్య ఆరోగ్య శాఖకు పనికొస్తుంది కానీ పన్ను లెక్కకు దాదాపు పనికిరాదు. శివరాత్రికి ఒకసారి రుచి చూసినవాడూ పొద్దున లేవగానే వెలిగించేవాడూ అందులో ఒకటే.

2014లో కొలరాడో రెవెన్యూ శాఖ కోసం చేసిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని చాలా స్పష్టంగా చూపించింది. ఆ ఏడాది రాష్ట్రంలో మొత్తం గిరాకీ 130.3 టన్నులు ఉంటుందని లెక్క కట్టారు. అందులో బయటినుంచి వచ్చే సందర్శకుల వాటా 8.9 టన్నులే. మిగతా 121.4 టన్నులూ రాష్ట్రంలో ఉండేవాళ్లవి. వాడేవాళ్లలో 21.8 శాతం మంది, అంటే దాదాపు రోజూ వాడేవాళ్లు, మొత్తం సరుకులో 66.9 శాతం తాగేస్తున్నారు. నెలకు ఒకటి రెండుసార్లు తాగేవాళ్లు సంఖ్యలో ఎంతమంది ఉన్నా బరువులో వాళ్ల వాటా చాలా స్వల్పం.

ఈ ఒక్క విషయం మీ ప్రాజెక్టులో ప్రధాన స్థానంలో ఉండాలని నా కోరిక. ఎందుకంటే ఇది లెక్క మాత్రమే కాదు. "గంజాయి పన్నుతో బడులు కట్టిస్తాం" అని ఒక ప్రభుత్వం అన్నప్పుడు, ఆ బడులు కట్టించేది ఎక్కువగా రోజూ తాగకుండా ఉండలేని మనుషులు. వాళ్లు తాగడం తగ్గిస్తే ఖజానాకు గండి పడుతుంది. నేను రాసిన ప్రతి నివేదికలోనూ ఈ మాట మొదటి పేజీలోనే పెట్టాను. రెండుసార్లు పైవాళ్లు తీసేయమన్నారు. ఒకసారి తీసేశారు కూడా. తీసేయడం తప్పని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

గ్రాముల దగ్గరే ఇంకో చిక్కుంది. "రోజుకు రెండు సిగరెట్లు తాగుతాను" అని సర్వేలో చెబుతారు. ఒక్కో సిగరెట్‌లో ఎంత గంజాయి ఉంటుంది? మేం మొదట్లో అర గ్రాము వేసుకున్నాం. 2016లో వచ్చిన ఒక పరిశోధన అమెరికాలో సగటున 0.32 గ్రాములే అని తేల్చింది. ఆ ఒక్క మార్పుతో మా మొత్తం మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. తడి సరుకు, ఎండు సరుకు తేడా కూడా అంతే. మొక్కను కోసినప్పటి బరువుకూ ఆరబెట్టి కాడలు తీసేశాక ఉండే బరువుకూ పొంతనే ఉండదు. పట్టుబడ్డ సరుకు బరువును లెక్కలోకి తీసుకునేటప్పుడు అది ఏ దశలో తూచిందో తప్పక చూసుకోండి.

వాషింగ్టన్ రాష్ట్రం అనుభవం ఇక్కడ చెప్పాలి. రాష్ట్రంలో ఏడాదికి 85 టన్నులు వాడతారని ప్రభుత్వ లెక్క. 2013లో ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ విడిగా అధ్యయనం చేసి 135 నుంచి 225 టన్నుల మధ్య, నడిమి అంకె 175 అని చెప్పింది. రెండూ నిజాయితీగా వేసిన లెక్కలే. అయినా ఒకటి ఇంకోదానికి రెండింతలు. ఇక పన్ను సంగతి చూడండి. 2012లో గంజాయిని చట్టబద్ధం చేయాలా అన్న ఓటింగుకు ముందు అదే రాష్ట్ర అధికారులు ఐదేళ్ల రాబడి సున్నా నుంచి దాదాపు 200 కోట్ల డాలర్ల దాకా ఎంతైనా ఉండవచ్చని రాశారు. ఫెడరల్ ప్రభుత్వం దాడులు చేసి దుకాణాలు మూయిస్తే సున్నా. అంతా సవ్యంగా సాగితే 200 కోట్లు. అప్పట్లో పత్రికలు ఆ సున్నాను వెక్కిరించాయి. నాకు మాత్రం ఆ కాగితం మీద గౌరవం. ఏ కారణంతో ఏ అంకె వస్తుందో దాచకుండా చెప్పారు.

ధర

అంచనాలు ఎక్కువగా కూలేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఇవాళ గంజాయి ధరలో పండించే ఖర్చు చాలా చిన్న ముక్క. మిగతాదంతా భయానికి చెల్లించే ధర. కొండ దింపేవాడి భయం, లారీలో దాచి తెచ్చేవాడి భయం, గల్లీలో పొట్లం అమ్మేవాడి భయం. చట్టబద్ధం చేస్తే ఆ భయం పోతుంది, దానితోపాటు ఆ ధరా పోతుంది. పెద్ద షెడ్లలో, గ్రీన్‌హౌస్‌లలో టన్నుల లెక్కన పండిస్తారు. 2010లో కాలిఫోర్నియా గురించి రాసినప్పుడే ర్యాండ్ పరిశోధకులు పన్నుకు ముందు ధర 80 శాతానికి పైగా పడిపోవచ్చని హెచ్చరించారు. అప్పుడు చాలామంది నమ్మలేదు.

కొలరాడోలో ఏం జరిగిందో చూడండి. అక్కడ పండించినవాడు దుకాణానికి ఇచ్చే తొలి సరఫరా మీద 15 శాతం ఎక్సైజ్ సుంకం. చాలాచోట్ల పండించేవాడూ అమ్మేవాడూ ఒక్కరే కాబట్టి, రెవెన్యూ శాఖ కొన్ని నెలలకోసారి ఒక సగటు మార్కెట్ ధర ప్రకటించి దాని మీదే సుంకం వేసేది. 2014 జనవరిలో ఆ ధర పౌనుకు (దాదాపు 454 గ్రాములు) 1,876 డాలర్లు. 2018 చివరికి 759. రేటు అదే 15 శాతం. పౌనుకు సుంకం మాత్రం 281 డాలర్ల నుంచి 114 డాలర్లకు దిగింది. పాత రాబడి రావాలంటే సరుకు రెండున్నర రెట్లు అమ్ముడుపోవాలి.

నేను ఈ తప్పు స్వయంగా చేశాను. అమ్మకాలు మొదలైన కొత్తలో మా రాష్ట్రంలో దుకాణాలు తక్కువ, సరుకు కొరత, ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఆ నాలుగైదు నెలల ధరను పట్టుకుని రెండేళ్ల అంచనా వేశాను. ధర కొంత తగ్గుతుందని 15 శాతం కోత కూడా పెట్టాను, అదే జాగ్రత్త అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి ధర సగమైంది. నా అంకెను నమ్ముకుని ఒక జిల్లాలో మత్తు మానిపించే కేంద్రానికి కౌన్సెలర్లను తీసుకున్నారు. రెండో ఏడాది డబ్బు రాక వాళ్లలో కొందరిని తీసేశారు. ఆ కేంద్రం నడిపే ఆవిడ నాకు ఫోన్ చేసి, కోపం లేకుండా, "ఈ అంకె ఎలా వచ్చిందో నాకు అర్థమయ్యేలా చెప్పండి" అని అడిగారు. అరగంట చెప్పాను. ఆ అరగంట తర్వాత నేను ధరకు ఒక్క అంకె వాడటం మానేశాను. మొదటి ఏడాది ఒక ధర, మూడో ఏడాదికి అందులో సగం, ఐదో ఏడాదికి మూడో వంతు. ఇది నా కనీస జాగ్రత్త.

ధర శాతం కాకుండా బరువు మీద పన్ను వేస్తే? రాబడి ధరతోపాటు పడదు, నిజమే. కానీ ఇంకో చిక్కు వస్తుంది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి అమ్మకాలు చట్టబద్ధం. అక్కడ సుంకం గ్రాముకు 1 కెనడా డాలరు లేదా ధరలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. చట్టం రాసేటప్పుడు గ్రాము 10 డాలర్లు ఉంటుందన్న ఊహతో రెండూ సమానంగా కనిపించాయి. ధరలు పడ్డాక ఆ 1 డాలరు గుదిబండ అయింది. చాలా కంపెనీలు సుంకం కట్టలేక బకాయి పడ్డాయి. లెక్క ప్రకారం రావాల్సిన పన్ను వేరు, చేతికొచ్చే పన్ను వేరు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఇల్లినాయ్ ఇంకో దారి పట్టింది. సరుకులో మత్తునిచ్చే రసాయనం 35 శాతం లోపుంటే పన్ను 10 శాతం, అంతకు మించితే 25 శాతం, తినే పదార్థాలకు 20 శాతం. ఆరోగ్యం దృష్ట్యా నాకు ఇదే సబబు అనిపిస్తుంది. కాకపోతే ప్రతి సరుకునూ నమ్మకమైన ల్యాబ్‌లో పరీక్షించాలి, ఆ ఖర్చు రాబడిలోంచి తీసేయాలి.

లైసెన్సు దుకాణానికి ఎంతమంది వస్తారు

కాలిఫోర్నియా కథ చెబితే ఇది సులువుగా అర్థమవుతుంది. 2009లో అక్కడి శాసనసభలో ఒక బిల్లు వచ్చింది. ఔన్సుకు (దాదాపు 28 గ్రాములు) 50 డాలర్ల రుసుము, దానిపై మామూలు అమ్మకం పన్ను. పన్నుల శాఖ ఏడాదికి దాదాపు 140 కోట్ల డాలర్లు వస్తాయని చెప్పింది. లెక్క చక్కగా వేశారు, మీరు కూడా చేత్తో సరిచూసుకోవచ్చు. అప్పటి వాడకం 1.6 కోట్ల ఔన్సులు. ధర సగమవుతుంది కాబట్టి వాడకం 40 శాతం పెరుగుతుంది. 50 డాలర్ల రుసుము వల్ల 11 శాతం తగ్గుతుంది. గుణిస్తే దాదాపు 2 కోట్ల ఔన్సులు. 50తో గుణిస్తే 99 కోట్ల డాలర్లు. అమ్మకం పన్ను ఇంకో 39 కోట్లు. ధర పడుతుందన్నది కూడా వాళ్లు మరచిపోలేదు.

మరి లోపం ఎక్కడ? దొంగ వ్యాపారం మొత్తం మర్నాడే లైసెన్సు దుకాణంలోకి వచ్చేస్తుందని అనుకున్నారు. ఆ బిల్లు చట్టం కాలేదు కాబట్టి అప్పుడు పరీక్షకు నిలవలేదు. 2016లో ఓటర్లు చట్టబద్ధం చేశారు, 2018 జనవరి 1న అమ్మకాలు మొదలయ్యాయి. 2018-19 సంవత్సరానికి గవర్నర్ బడ్జెట్ 64.3 కోట్ల డాలర్లు వస్తాయంది. 2019 మే నాటికి అదే ఏడాది ఎక్సైజ్ అంచనాను 28.8 కోట్లకు తగ్గించారు.

కారణం ఇది. సగానికి పైగా ఊళ్లు, కౌంటీలు తమ పరిధిలో దుకాణాలే వద్దన్నాయి. దుకాణం ఉన్న చోట 15 శాతం ఎక్సైజ్, మామూలు అమ్మకం పన్ను, ఊరి పన్ను, వీటికి తోడు పండించే దశలోనే ఔన్సుకు 9.25 డాలర్లు. అన్నీ కలిసేసరికి ఇరవై ఏళ్లుగా అమ్ముతున్న పక్కవీధి మనిషి దగ్గరే చవక. అతను ఫోన్ చేస్తే ఇంటికి తెచ్చిస్తాడు కూడా. పండించే దశ పన్నును చివరికి 2022 జులైలో ఎత్తేశారు. 2025 జులైలో ఎక్సైజ్‌ను 19 శాతానికి పెంచి, అక్టోబరులో మళ్లీ 15కు దించారు. రేటు పెంచితే రాబడి పెరుగుతుందన్న ఆశ ఈ సరుకు విషయంలో ఎంత పెళుసో దీన్ని బట్టి తెలుస్తుంది.

నేను వాడే అంకెలు ఇవి: మొదటి ఏడాది మొత్తం గ్రాముల్లో పావు నుంచి మూడో వంతు మాత్రమే లైసెన్సు దుకాణానికి వస్తాయి. ఐదేళ్లకు, దుకాణాలు అందుబాటులో ఉండి పన్ను అతిగా లేకపోతే, మూడింట రెండు వంతుల దాకా వెళ్లవచ్చు. ఇది నా పని అనుభవంలోంచి వచ్చిన అంచనా, సూత్రం కాదు. దుకాణాలు పలచగా ఉన్న రాష్ట్రానికి నేను ఇంకా తగ్గిస్తాను.

సరిహద్దు సంగతి మరచిపోకండి. వాషింగ్టన్‌లో దుకాణాలు 2014 జులైలో తెరిచారు. పక్కనే ఉన్న ఒరెగాన్ నుంచి జనం నది దాటి వచ్చి కొనేవాళ్లు. 2015 అక్టోబరు 1న ఒరెగాన్ కూడా తెరిచింది. సరిహద్దు పక్కనున్న వాషింగ్టన్ దుకాణాల అమ్మకాలు 41 శాతం పడిపోయాయని ఆర్థికవేత్తలు తేల్చారు. ఇది మనవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 2020లో ఏపీలో మద్యం ధరలు పెంచినప్పుడు తెలంగాణ సీసాలు సరిహద్దు ఎలా దాటాయో అందరూ చూశారు.

కొలరాడోలో అంచనా ఎందుకు నిలబడింది

2013లో ఓటర్లకు కొత్త గంజాయి పన్నుల మీద ఏడాదికి 7 కోట్ల డాలర్ల దాకా వస్తాయని చెప్పారు. 2014 జనవరి 1న దుకాణాలు తెరిచాక బారులు తీరిన జనాన్ని చూసి, ఫిబ్రవరిలో గవర్నర్ కార్యాలయం ఆ అంకెను దాదాపు 9.8 కోట్లకు పెంచింది. ఆ ఆర్థిక సంవత్సరానికి చివరికి వచ్చింది 6.6 కోట్లు. తొలి అంకే నిజానికి దగ్గర. మొదటి నెల గుంపును చూసి అంచనా పెంచకూడదని నేను కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది దీన్నిబట్టే.

తగ్గడానికి కారణాలు చిన్నవి, కానీ ముందే కనిపించగలిగినవి. వైద్యం కోసం గంజాయి కొనే కార్డు ఉన్నవాళ్లకు 2.9 శాతం అమ్మకం పన్ను మాత్రమే. కాబట్టి ఎక్కువ తాగేవాళ్లలో చాలామంది ఆ కార్డు వదులుకోలేదు. అలా వైద్యానికి గంజాయి అమ్మే పాత దుకాణాలు తమ నిల్వను ఒక్కసారికి సుంకం లేకుండా కొత్త దుకాణంలోకి మార్చుకోవచ్చని చట్టమే చెప్పింది. కాబట్టి మొదటి నెలల్లో సుంకం దాదాపు కనిపించలేదు. చట్టం పాఠం మొత్తం చదవకుండా లెక్క మొదలుపెట్టకండి. మినహాయింపులు ఏ మూలనో ఉంటాయి.

తమాషా ఏమిటంటే పన్ను అంచనా సరిపోయినా ఇంకో చిక్కు వచ్చింది. కొలరాడో రాజ్యాంగం ప్రకారం కొత్త పన్ను పెట్టేటప్పుడు ఓటర్లకు ఇచ్చిన లెక్కల్లో ఏది మించినా డబ్బు వెనక్కి ఇవ్వాలి. గంజాయి పన్ను మించలేదు, రాష్ట్రం మొత్తం రాబడి అంచనాను మించింది. దాంతో గంజాయి మీద వసూలైన 6.61 కోట్ల డాలర్లను వాపసు చేయాల్సిన పరిస్థితి. ఆ డబ్బు ఉంచుకోవడానికి 2015 నవంబరులో మళ్లీ ఓటింగు పెట్టి ప్రజల అనుమతి తీసుకున్నారు.

తర్వాతి ఏళ్లు కూడా చూడండి, ఎందుకంటే చాలా వ్యాసాలు 2021తో ఆపేస్తాయి. పన్నులు, లైసెన్సులు, రుసుములు అన్నీ కలిపి 2014లో 6.8 కోట్ల డాలర్లు, 2015లో 13 కోట్లు, 2019లో 30 కోట్లు, 2021లో 42 కోట్లు. అదే శిఖరం. 2024 నాటికి 25 కోట్ల చిల్లరకు దిగింది. అమ్మకాలు 223 కోట్ల డాలర్ల నుంచి 140 కోట్లకు పడ్డాయి. కోవిడ్ కాలంలో ఇంట్లో కూర్చుని తాగిన తాగుడు తగ్గింది. న్యూమెక్సికో లాంటి పొరుగు రాష్ట్రాలు తెరిచాయి. ధర మళ్లీ కూలింది. 2021ని పట్టుకుని గీత పైకి పొడిగించినవాళ్లంతా తప్పారు.

జర్మనీ నుంచి ఒక్క మాట. అక్కడ 2021లో వచ్చిన ఒక అధ్యయనం ఏడాదికి 470 కోట్ల యూరోల లాభం చూపించింది, పోలీసు, కోర్టు ఖర్చుల పొదుపు కూడా కలిపి. దుకాణాల్లో అమ్ముతారన్న ఊహ మీద కట్టిన లెక్క అది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం ఇంట్లో మొక్కలు, లాభం లేని క్లబ్బులు మాత్రమే అనుమతించింది. దుకాణమే లేకపోతే అమ్మకం పన్ను ఎక్కడిది?

మన రెండు రాష్ట్రాల సంగతి

మీరు చెప్పిన ఢిల్లీ అంకెను ఒక్కసారి భాగించి చూడండి. 725 కోట్ల రూపాయలను 38 టన్నులతో భాగిస్తే గ్రాముకు దాదాపు 190 రూపాయల పన్ను. కిలోకు 1.9 లక్షలు. పట్టుబడ్డ గంజాయి విలువను మన పత్రికలు కిలోకు వేలల్లో రాస్తాయి. సరుకు ధరను ఎన్నో రెట్లు మించిన పన్నును ఎవరు కడతారు? ఆ సంస్థ గ్రాముకు నాలుగు డాలర్లకు పైగా ధర వేసుకుని, దాని మీద సిగరెట్ స్థాయి పన్ను ఊహించింది. ఏ అంచనా కనిపించినా ఇలా గ్రాముకు ఎంత పన్ను పడుతుందో తీసి చూడటం అలవాటు చేసుకోండి. రెండు నిమిషాల పని, సగం అంచనాలు అక్కడే రాలిపోతాయి.

వాడేవాళ్ల లెక్కకు 2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే ఉంది. దేశంలో దాదాపు 3.1 కోట్ల మంది, అంటే 10 నుంచి 75 ఏళ్ల జనాభాలో 2.8 శాతం, ఏడాదిలో ఒకసారైనా గంజాయి జాతి పదార్థం వాడారు. కానీ అందులో 2.2 కోట్ల మంది భంగు, అంటే ఆ మొక్క ఆకులతో చేసేది, వాడినవాళ్లు. గంజాయి, చరస్ (మొక్క జిగురు) వాడినవాళ్లు దాదాపు 1.3 కోట్లు; కొందరు రెండు లెక్కల్లోనూ ఉన్నారు. ఇది మీకు కీలకం. ఎందుకంటే మత్తు పదార్థాలను నిషేధించే 1985 ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అన్న మాటకు పూతతో కూడిన కొసల్నే అర్థంగా చెబుతుంది, ఒట్టి ఆకుల్ని వదిలేసింది. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. ఆ లైసెన్సుల రాబడి మన దేశంలోనే దొరికే నిజమైన లెక్క. కొలరాడో అంకెల కంటే ముందు దాన్ని తెప్పించుకోండి.

ఉత్పత్తిని చూసి మోసపోకండి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో ఏపీ పోలీసులు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 200 టన్నులు! దాన్ని చూసి "ఇంత సరుకు మీద పన్ను వేస్తే" అనిపిస్తుంది. కానీ ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లోంచి దిగే సరుకులో ఎక్కువ భాగం ఇతర రాష్ట్రాలకు పోతుంది. ఆ రాష్ట్రాల్లో నిషేధం ఉన్నంతకాలం మన ప్రభుత్వం వాళ్లకు చట్టబద్ధంగా అమ్మలేదు. కాబట్టి మీ పన్ను పునాది మన రెండు రాష్ట్రాల్లో తాగే సరుకే, కొండ మీద పండే సరుకు కాదు.

పన్ను వేసే అధికారం ఎవరిది అన్నది కూడా రాయండి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితా 51వ అంశం మద్యంతోపాటు నల్లమందు, గంజాయిల మీద ఎక్సైజ్ సుంకాన్ని రాష్ట్రాలకే ఇచ్చింది. నిషేధం మాత్రం కేంద్ర చట్టం. జీఎస్టీ నుంచి మినహాయింపు తాగే మద్యానికి ఉంది కానీ దీనికి లేదు. అంటే రేపు చట్టం మారితే రాష్ట్ర ఎక్సైజ్, జీఎస్టీ రెండూ పడతాయి. కేంద్రం, రాష్ట్రం వాటాలు విడివిడిగా చూపించాలి. మద్యం రాబడి మీద ప్రభావానికీ ఒక వరుస పెట్టండి. కొందరు సీసా మాని గంజాయికి వెళితే రాష్ట్రానికి ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోతుంది. మన రెండు ప్రభుత్వాలూ మద్యం రాబడి మీద ఎంత ఆధారపడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీకు బాగా పనికొచ్చే ఆధారం ఇంకోటి ఉంది, చాలామంది చూడరు. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ నివేదిక. బెంగాల్‌లో నౌగావ్ ప్రాంతంలో గంజాయిని లైసెన్సు కింద పండించి, ప్రభుత్వ గోదాముల ద్వారా బయటికి వదిలి, తూకం ప్రకారం సుంకం తీసుకునేవాళ్లు. మద్రాసు రాష్ట్రం భాగంలో మన బాపట్ల తాలూకా సంతరావూరు, దగ్గుబాడు పేర్లు కనిపిస్తాయి, గంజాయి సాగు జరిగే ఊళ్లుగా. అది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. సుంకం పెంచినప్పుడు దొంగ సరుకు పెరిగిందా, వాడకం తగ్గిందా అన్న ప్రశ్న కమిషన్ సాక్షులను వదలకుండా అడిగింది. మీ ప్రశ్న కూడా అదే.

ఇక లెక్కల షీట్ ఎలా పెట్టాలంటే, నిలువు వరుసల్లో ఏళ్లు వేయండి, ఐదేళ్లు చాలు. మనుషుల్ని మూడు గుంపులు చేయండి: రోజూ, వారానికి, అప్పుడప్పుడూ. ఒక్కో గుంపుకు గ్రాములు, దుకాణానికి వచ్చే వాటా విడిగా వేయండి, ఎందుకంటే ఎక్కువ తాగేవాడే చవక కోసం పాత మనిషిని వదలడు. ధరను ఏటా దించండి. ల్యాబులు, మొక్క నుంచి దుకాణం దాకా లెక్క ఉంచే ట్యాగులు, తనిఖీ సిబ్బంది, చికిత్స కేంద్రాలు, వీటన్నింటి ఖర్చునూ రాబడిలోంచి తీసేయండి. చివరికి తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంకెలు ఇవ్వండి. కెనడాలో పార్లమెంటు బడ్జెట్ అధికారి 2016లో అలాగే ఒక్క అంకెతో సరిపెట్టకుండా, 61.8 కోట్ల డాలర్లు రావచ్చని చెబుతూనే, 35.6 నుంచి 95.9 కోట్ల దాకా ఉండవచ్చని పరిధి ఇచ్చారు. అమ్మకాలు మొదలైన తొలి ఐదున్నర నెలల్లో వచ్చింది 18.6 కోట్లు. సరుకు కొరత, ఒంటారియోలో 2019 ఏప్రిల్ దాకా దుకాణాలే లేకపోవడం దీనికి కారణాలు. ఏడాది లెక్కకు సాగదీస్తే ఆ పరిధిలో కింది కొసకు కాస్త పైన పడుతుంది. కింది కొస ఎందుకు అవసరమో చూశారు కదా.

మీ గైడ్ ఒక్క అంకె కావాలని పట్టుబడితే కింది అంకెనే ఇవ్వండి, పై రెండూ అనుబంధంలో పెట్టండి. షీట్ తయారయ్యాక ఇక్కడే పెడితే రోజూ తాగేవాళ్ల గ్రాముల వరుస, మూడో ఏడాది ధర, ఈ రెండూ నేను చూసి చెబుతాను.